డబ్బా కొట్టని పూట

ఆయన పోయాడని ఫోన్ చేసిన మనిషికి నా పేరు తెలియదు. ఆయన పేరు కూడా సరిగ్గా తెలియదు. నిజామాబాద్ గంజ్ మార్కెట్ నుంచి మాట్లాడుతున్నానని, తానక్కడ హమాలీనని, పసుపు గోదాముకు కాపలా ఉండే ముసలాయన పొద్దున లేపితే లేవలేదని చెప్పాడు. గది గోడ మీద బొగ్గుతో రెండు ఫోన్ నంబర్లు రాసి ఉన్నాయట. పక్కన పేర్లు లేవట. ఒకటి నాది. రెండూ నేను రాసినవే.

"ఆయనకు మీరేమైతరు అవ్వా?" అని అడిగాడు.

"వస్తున్న, జర ఆగుండ్రి" అని పెట్టేశాను.

చుట్టాన్ని కాను. కులం ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. ఆయన నా చెరుకు తోట కాల్చాడు, జైలుకు పోయాడు. మా ఇద్దరి మధ్య ఉన్నది అదే. బోధన్‌లో బస్సెక్కి కూర్చుంటే దారి పొడుగునా రెండు పక్కలా వరే కనిపించింది. ఒకప్పుడు ఈ దారంతా చెరుకు. కిటికీ పక్కన కూర్చుంటే ఆకు చెయ్యి గీరేది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది, చెరుకు పోయింది, చెరుకు కాల్చే మనిషీ పోయాడు. ఆయన సంగతి తెలిసినవాళ్ళలో నేనే మిగిలాను కాబట్టి రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఒకసారి పోలీసు కాగితం మీదికి ఎక్కింది, అది చాలు.

మా వైపు ఊళ్ళలో ఆయన్ని డబ్బాయన అనేవాళ్ళు. సైకిలు వెనక ఎప్పుడూ ఒక ఖాళీ నూనె డబ్బా కట్టి ఉండేది. దానికి తీగతో పిడి పెట్టుకున్నాడు. కూర్చోవాలంటే దాన్ని బోర్లించి కూర్చునేవాడు. కాలువలో నీళ్ళు ముంచుకోవాలన్నా అదే. అసలు పనికి కూడా అదే.

ఆ పని ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. అప్పట్లో చెరుకు మన ఇష్టం వచ్చినప్పుడు కొట్టేది కాదు. ఫ్యాక్టరీ నుంచి కోత చిట్టీ రావాలి. చిట్టీ వరుస ప్రకారం వస్తుందనేవాళ్ళు. పలుకుబడి ఉన్నవాళ్ళ తోటలు ఆ వరుసలో ఎప్పుడూ ముందే ఉండేవి. మాలాంటి వాళ్ళ చెరుకు ఎండలు ముదిరేదాకా నిలబడి ఉండేది. నిజాంసాగర్ నీళ్ళు కట్టేసేవాళ్ళు. గడ లోపల బెండు పడేది, తూకం పోయేది, ఫ్యాక్టరీ ఆ ఏటికి బందయ్యే రోజు దగ్గరపడేది. అప్పుడు ఒక్కటే దారి. కాలిన చెరుకు ఆగదు. ఒకటి రెండు రోజుల్లో మిల్లులో ఆడకపోతే రసం పులిసిపోతుంది. అందుకని కాలిన తోట చెరుకు వరుస చూడకుండా ముందే తీసుకునేవాళ్ళు. అనుకోకుండా నిప్పంటుకుని ఉండాలి, అదొక్కటే షరతు. అందరి తోటలూ అనుకోకుండానే అంటుకునేవి. అలా అనుకోకుండా అంటించే మనిషి ఆయన.

ఆయన పద్ధతి ఆయనది. రాత్రిపూట ఎన్నడూ కాల్చలేదు. నడి మధ్యాహ్నం, జనం బువ్వ తినే వేళ వచ్చేవాడు. దొంగపని పట్టపగలు చేస్తావేమిరా అని మా బావ ఎగతాళి చేస్తే, రాత్రయితే లోపల ఎవరున్నారో కనపడదు కదా అన్నాడట. ముందు గట్టు వెంట తిరిగి, ఎండాకు ఒకటి తుంచి, చెయ్యెత్తి వదిలేవాడు. అది పడిన వైపు చూసి గాలి సంగతి తెలుసుకునేవాడు. పక్క తోటకు పాకకుండా అంచున రెండు సాళ్ళు కొట్టించి, గోనెసంచులు తడిపించేవాడు. ఆ తర్వాత డబ్బా. చేతిలో విరిగిన కొడవలి పిడి పట్టుకుని డబ్బా మీద బాదుకుంటూ తోట చుట్టూ ఒకసారి, సాళ్ళ మధ్య నుంచి ఒకసారి నడిచేవాడు. మూడు దిక్కుల నిలబడి మూడుసార్లు కేకేసేవాడు.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

అడవిపందులు వచ్చేవి, నక్కలు వచ్చేవి, ముంగిసలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవి. ఒకసారి మనుషులే వచ్చారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆయన మొహం పక్కకు తిప్పుకుని డబ్బా కొడుతూనే ఉన్నాడు, వాళ్ళు కాలువ దాటేదాకా. వాళ్ళెవరని ఊరంతా అడిగింది. కల్లు తాగించి అడిగారు. "రెండు ముంగిసలు" అన్నాడు. ఎప్పుడడిగినా ముంగిసలే. ఆ ఇద్దరూ మా ఊళ్ళో పెద్దమనుషులై, మనవలనెత్తుకుని తిరిగి, ఈమధ్యనే పోయారని నా అనుమానం.

ఇంకొక నియమం ఉండేది ఆయనకు. జేబులో అగ్గిపెట్టె పెట్టుకునేవాడు కాదు. బీడీలు తాగేవాడే, కానీ ఇంకొకరి బీడీకి ఆనించి అంటించుకునేవాడు. తోట ఎవరిదైతే వాళ్ళే అగ్గిపెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. కూలి మనిషిని పంపితే తీసుకునేవాడు కాదు. "నిప్పు మీది, చెయ్యి నాది. రేపు నాకేం తెల్వదంటె నడువదు" అనేవాడు. పని అయ్యాక మిగిలిన పుల్లలు పెట్టెతో సహా తిరిగి ఇచ్చేవాడు. ఇంత జొన్నలో, పాత ధోవతో, ఒక పూట తిండో, ఏది పెడితే అది తీసుకుని సైకిలెక్కేవాడు.

మంచివాడని రాయడం లేదు. అన్నదమ్ముల తగాదాలో అన్న పిలిచి అగ్గిపెట్టె ఇస్తే, తన నియమం తప్పి తమ్ముడి తోట కాల్చాడు. అది పక్వానికి రాని చెరుకు. ఎవరికీ అక్కరకు రాకుండా మసైపోయింది. ఆ తమ్ముడి పెళ్ళాం రోడ్డు మీద ఆయన్ని ఆపి దోసిలితో బూడిద తీసుకుని నెత్తిన పోసింది. దులుపుకోలేదట. అట్లాగే సైకిలు తొక్కుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఆ వీధికి ఎన్నడూ పోలేదు, రెండు మైళ్ళు ఎక్కువైనా కాలువ కట్ట మీది నుంచి తిరిగి పోయేవాడు. ఎందుకు చేశావని నేనే అడిగాను. ఆలోచించి చెప్తాడనుకున్నాను. "పిలిచిండు, పోయిన" అన్నాడు. అంతకన్నా మంచి జవాబు ఆయన దగ్గర లేదు. డబ్బా ఆ రోజు కూడా కొట్టాడట, ముంగిసలకోసం. తమ్ముడి సంగతి అడగడానికి మాత్రం డబ్బా లేదు.

ఇక నా సంగతి. మా ఆయన పోయిన రెండో ఏడు. ఇంట్లో నేను, మంచంలో మా అత్త. మూడెకరాల చెరుకు. మా ఆయన ఉన్నన్నాళ్ళు చిట్టీకోసం ఆయనే తిరిగేవాడు. నేను తిరిగితే, మగవాళ్ళను పంపమన్నారు. ఏ మగవాణ్ణి పంపను. ఫ్యాక్టరీ బందవడానికి నాలుగు రోజులుందనగా డబ్బాయనకు కబురు చేశాను. మధ్యాహ్నం వచ్చాడు. నన్ను ఎప్పుడూ అక్కా అనేవాడు, నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్న.

ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు గట్టిగా ఉన్నారు. రైతే కావాలని కాల్పించిన తోట అని తెలిస్తే తీసుకోబోమన్నారు. డబ్బా చప్పుడు అంటే ఏమిటో చుట్టుపక్కల అందరికీ తెలుసు. సరిగ్గా ఆ రోజే ఫ్యాక్టరీ ఫీల్డుమనిషి మా ఊరి పటేలు ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. మా తోటకు పటేలు ఇల్లు కేక వేస్తే వినపడే దూరం. డబ్బా మోగితే నా చెరుకు నిలువునా పోయినట్టే.

ఆయన డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు తమ్మీ, ఇయ్యాల కొట్టకు. పొద్దుగాల తోటంత తిరిగిన, పురుగు సుత లేదు" అన్నాను.

తిరగలేదు. రెండు సాళ్ళు పోయి, ఆకు కళ్ళలో గుచ్చుకుంటుంటే వెనక్కి వచ్చాను.

"లోపల ఎవరన్న ఉన్నరా అక్కా?" అన్నాడు. లేరన్నాను. గట్టు కింద ఎండాకు కుప్ప వేసి వచ్చి మళ్ళీ అడిగాడు. లేరన్నాను. మూడోసారి అడిగితే నాకు కోపమొచ్చింది, చెప్తుంటే వినపడదా అన్నాను. డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కొంచెంసేపు నేల చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. కొంగుకు కట్టుకున్న అగ్గిపెట్టె విప్పి ఆ చేతిలో పెట్టాను.

చెరుకు మంట మీకు తెలియదు. చూస్తుండగా తాటిచెట్టంత లేస్తుంది, గడలు టపటప పేలుతాయి. ఆ పేలుళ్ళలో వేరే చప్పుడు వినపడదు. నాకైతే వినపడలేదు. ఆయనకు వినపడింది. తడిగోనె కప్పుకుని లోపలికి పోయాడు. ఒక ముసలివాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చాడు.

పక్క తోటలో చెరుకు కొడుతున్న కోత గుంపు మనిషి అతను. మంజీర అవతలి నుంచి ఏటా మొత్తం సంసారాలతో వచ్చేవాళ్ళు, చెరుకాకు గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. మా తోటలోకి నీడకోసం వచ్చి పడుకున్నాడు. తాగి పడుకున్నాడని ఊళ్ళో అన్నారు. ఎవరు ముందన్నారో తెలియదు, నేను కూడా అన్నాను. తాగినవాడైతే కొంత తప్పు అతనిది అవుతుంది, అందుకని అన్నాను.

అవతలి గుంపు జనం అరుచుకుంటూ వస్తున్నారు. డబ్బాయన ఎడమచేతి తోలు ఊడి వేలాడుతున్నది. ఆయన నాతో అన్న మాట ఇప్పటికీ అట్లాగే ఉంది.

"నువ్వు ఇంటికి పో అక్కా. చెరుకు ఎండనియ్యకు, రేపే కొట్టియ్యి."

ఇంటికి పోయాను. ఆయన డబ్బా మీద కూర్చుని పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉన్నాడట. ఎవరు కాల్చమన్నారని అడిగితే ఎవరూ అనలేదన్నాడు. అగ్గిపెట్టె ఎవరిదంటే నాదే అన్నాడు. ఆయన దగ్గర అగ్గిపెట్టె ఉండదని పది ఊళ్ళకు తెలుసు. పది ఊళ్ళలో ఒక్కరూ నోరు తెరవలేదు. ప్రతివాడి ఇంట్లోనూ ఆయనకు ఒకప్పుడు ఇచ్చి, తిరిగి తీసుకున్న అగ్గిపెట్టె ఉంది.

మర్నాడు చెరుకు కొట్టించాను. మూడో రోజు అది ఫ్యాక్టరీలో పడింది. ఆ రోజే నిజామాబాద్ ఆసుపత్రిలో ఆ ముసలివాడు పోయాడు.

తర్వాత మా ఇంటికి పోలీసులు వచ్చారు. వాళ్ళు రాసుకున్న కాగితంలో, నా మీద పాత పగతో ఆయన నా తోట కాల్చాడని ఉంది. నష్టపోయిన మనిషిని నేను. వేలిముద్ర వేశాను. నాకప్పుడు చదువు రాదు. చదువు రాని ఆడదాని చేత ఏదో వేయించుకున్నారని రాస్తే చదివేవాళ్ళు జాలిపడతారు. జాలి అక్కరలేదు. కాగితం నాకు మొత్తం చదివి వినిపించారు. విన్నాను. విన్నాకే వేలు పెట్టాను.

ఆయనకు అయిదేళ్ళు పడింది. ఒకసారి కూడా చూడటానికి పోలేదు.

విడుదలై వచ్చిన రోజు తెలుసు నాకు. అప్పటికి మా అత్త లేదు. మధ్యాహ్నం వేళ, వాకిలి తలుపు దగ్గరగా వేసి పొయ్యి ముందు కూర్చున్నాను. సైకిలు ఆగిన చప్పుడయింది. డబ్బా స్టాండుకు తగిలి ఖణేలుమంది. ఎవరో చెప్పనక్కర లేకపోయింది.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

ఆయనకు ముందు నుంచీ అలవాటు అది. ఎవరి గడప ముందైనా అట్లాగే అడిగేవాడు, కల్లు దుకాణం ముందు కూడా. నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు నేను లేచి తలుపు వెనక నిలబడ్డాను. చెక్కల సందులోంచి ఆయన చొక్కా కనిపిస్తున్నది. రెండోసారి అడిగాడు. మూడోసారి ఇంకొంచెం నెమ్మదిగా అడిగాడు. ఎవరూ పలకలేదు కాబట్టి లోపల ఎవరూ లేరని సైకిలు తిప్పుకున్నాడు. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన ఆయనకు రాకుండా ఉంటుందా. నిప్పు వాసన ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ తర్వాతే. యాభై దాటింది. మహిళా సంఘంలో వేలిముద్రలు కుదరవు, సంతకం కావాలన్నారు. సంతకంతో ఆపుతారు అందరూ, నేను ఆపలేదు. పొద్దుపోక. మనుషుల రాకపోకలు లేని ఇంట్లో బియ్యం సంచి మీది రాతలు, పాత పేపర్లు, బస్సు మీది ఊళ్ళ పేర్లు, ఏది దొరికితే అది చదివాను.

మళ్ళీ ఆయన్ని చూసింది పసుపు అమ్మడానికి గంజ్‌కు పోయినప్పుడు. చెరుకు తీసేసి నేను కూడా పసుపు పెట్టాను. గోదాము గుమ్మంలో, డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేతి రెండు వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి, చెయ్యి చిన్న పారలాగా ఉంది. కాపలా మనిషివి ఎట్లా అయ్యావంటే, ఎండు సరుకుకు నిప్పు ఎటు నుంచి వస్తుందో తెలిసినవాడు కావాలని సేటే అడిగి పెట్టుకున్నాడన్నాడు. అది చెప్పేటప్పుడు కొంచెం గొప్ప కనిపించింది మొహంలో.

ఆయనతో చెప్పాలనుకున్నదంతా పక్కకు పోయి, గోదాము మీది బోర్డు గట్టిగా చదివాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ. నోరు తెరిచి చూశాడు.

"చదువొచ్చిందా అక్కా నీకు?"

వచ్చిందన్నాను. కాసేపు ఆ బోర్డునే చూశాడు, నిజంగా అదే రాసి ఉందా అన్నట్టు. తర్వాత అడిగాడు.

"గప్పుడే వచ్చి ఉంటె, గా కాయితం మీద ఏలు పెట్టకపోదువా?"

జైలు నుంచి వచ్చాక ఆ సంగతి ఎత్తడం అదొక్కసారే. అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. నేను నేల చూసి, "గప్పుడు సుత పెడుదు" అన్నాను.

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. ఎన్నాళ్ళకో సరైన తూకం చూసినవాడి నవ్వు. పక్క హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. ఇద్దరం తాగాం. గ్లాసు కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఆ తర్వాత నేను మాట తీయబోతే, "గా సంగతి అయిపోయింది, నా పేరు మీద పోయింది" అని ఆపాడు. ఆ ముసలివాడి ఇంటివాళ్ళు ఏమయ్యారో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

అప్పటి నుంచి గంజ్‌కు పోయినప్పుడల్లా కనపడేవాడు. ఒకసారి గదిలోకి పిలిచి, బొగ్గు ముక్క ఇచ్చి, నా నంబరు గోడ మీద రాయమన్నాడు. రాశాను. దాని కింద ఇంకో నంబరు నోటితో చెప్పి రాయించాడు. అంకెలు తడుముకోకుండా చెప్పాడు, మంత్రం చెప్పినట్టు. ఎవరిదది అంటే "ఉన్నరు తియ్యి" అన్నాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక చెంబు, ఒక దండెం. దండెం మీద ఒక్కటే జత బట్టలు. అంత ఖాళీగా ఉన్న గది గుమ్మంలో కూడా, తాళం తీశాక, లోపల ఎవరన్నా ఉన్నారా అని అడిగి మరీ కాలు పెట్టాడు.

ఆ గదిలోకే మొన్న పోయాను. బయట ఆరుగురు హమాలీలు పాడె కడుతున్నారు. లోపల చాప మీద ఆయన. పక్కన గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. మరాఠీ కట్టు చీర. రెండో నంబరు ఆమెది. ధర్మాబాద్ అవతల ఊరట, రైల్లో వచ్చింది. ఆమె తెలుగు మరాఠీ యాసతో ఉంది కానీ బాగానే ఉంది.

నన్ను చూసి నా ఊరు అడిగింది. చెప్పాను. ఆమె కళ్ళు నా మొహం మీద ఆగాయి.

"నువ్వు గా తోటామెవు గద" అంది. "పక్క మడిల నేను సుత చెరుకు కొడుతుంటి గా దినం. కాలి సచ్చింది మా బాబా."

నాకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. ఆమే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమెకు తెలిసిందల్లా పోలీసు కాగితంలో ఉన్నదే. "నీకు సుత నష్టం చేసిండు పాపం" అంది. వాళ్ళ నాన్న తాగేవాడు కాదని, ఆ రోజు జ్వరమని, గుడిసెలో ఉడుకు భరించలేక చల్లగా ఉంటుందని తోటలోకి పోయాడని చెప్పింది. నేనడగకుండానే చెప్పింది. వచ్చినవాళ్ళందరికీ అది చెప్పడం అలవాటైపోయినట్టుంది ఆమెకు.

జైలు నుంచి వచ్చిన ఏడే డబ్బాయన వాళ్ళ ఊరికి పోయాడట. అప్పటి నుంచి ఏటా దసరా కాగానే, వాళ్ళు కోతలకు బయలుదేరకముందు. ఇంత పసుపు తెచ్చి గడప ముందు పెట్టి, డబ్బా బోర్లించుకుని కూర్చునేవాడట. ఆమె తల్లి తిట్టేది. గొంతు పోయేదాకా తిట్టేది. మొత్తం విని, తిట్లు అయిపోయాక నీళ్ళడిగి తాగి వెళ్ళిపోయేవాడు.

"మా ఆయి సచ్చిపోయినంక సుత వచ్చిండు" అంది. "ఎప్పటి లెక్కనే కూసున్నడు. ఎవ్వరు తిట్టలే. గంటసేపు సూసి గప్పుడు ఏడ్సిండు."

నాకు ఆ ఏడుపు తెలియదు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

ఆమె గది మూలకు చూసింది. డబ్బా అక్కడ ఉంది, సొట్టలు పడి, తీగ పిడి తుప్పు పట్టి. తాను పోయాక దాన్ని తీసుకుపొమ్మని ఆమెతో ఎన్నోసార్లు అన్నాడట. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఇంకొకటి కూడా అర్థం కాలేదు. అది నన్ను అడిగింది.

"ఎన్ని తీర్ల అడిగినా, గా దినం డబ్బా కొట్టుడు మర్సిన అన్నడవ్వా. మా గడప కాడ సుత మూడుసార్ల అడిగినంకనే కూసుంటుండె. గసుంటోడు గా ఒక్క దినమే ఎట్ల మర్సిండు?"

బయట పాడె తాళ్ళు బిగిస్తున్న చప్పుడు. ఆయన మొహం మీద గుడ్డ కప్పి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట ఆయన తన నోటితో మోశాడు, మరిచాను అని. ఇప్పుడా నోరు లేదు. నేను తలూపితే చాలు, ముసలివాళ్ళు మరవడం మామూలే అంటే చాలు. ఆమె డబ్బా తీసుకుని రైలెక్కుతుంది. నేను బోధన్ బస్సెక్కుతాను. ఇక ఎవరూ అడిగేవాళ్ళు ఉండరు.

"మరువలే బిడ్డా" అన్నాను. "కొట్టబోతె నేనే చెయ్యి పట్టుకున్న. లోపల ఎవరన్న ఉన్నరా అని మూడుసార్ల అడిగిండు. సూడకనే లేరని చెప్పిన. అగ్గిపెట్టె సుత నాదే."

నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆమె దాన్ని విదిలించలేదు. మెల్లగా తీసి, నా ఒళ్ళో పెట్టింది, ఎవరిదో వస్తువు తిరిగి ఇచ్చినట్టు. హమాలీ ఒకడు తొంగిచూసి, వేళవుతున్నదని చెప్పి పోయాడు.

"మా ఆయి సచ్చేదాంక ఆయన్నే తిట్టింది" అంది చివరికి. గొంతు పెంచలేదు. "గా తిట్లల్ల నీకు ఒక్కటన్న తాకిందా?"

తాకలేదన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది.

హమాలీలు లోపలికి వచ్చి ఆయన్ని ఎత్తారు. బరువేమీ లేడు, ఇద్దరు చాలేవాళ్ళు. డప్పు లేకుండా తీసుకుపోవడం ఎట్లా అని పెద్ద హమాలీ గొణిగాడు. పిలిచే తీరిక లేదు, పిలిచేవాళ్ళూ లేరు. ఆమె లేచి మూలకు పోయి డబ్బా తీసింది. అందులోనే ఉంది ఆ కొడవలి పిడి. రెండూ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇప్పుడు కొట్టు" అంది.

నేను ముందు నడిచాను. వెనక పాడె, దాని వెనక ఆమె. ఆడవాళ్ళు ముందు నడవకూడదని ఎవరో అనబోయి ఊరుకున్నారు. నాకు అలవాటు లేని పని. మొదటి దెబ్బ డబ్బాకు తగిలి జారింది, మోగలేదు. రెండోది మోగింది. నడి మధ్యాహ్నం, గంజ్‌లో బేరాలు ఆగి ఉన్న వేళ. వాకిలి పొడుగునా పసుపు రాశులు. నేను బాదుకుంటూ ఆ రాశుల మధ్య నుంచి నడిచాను, అటొకసారి ఇటొకసారి చూసుకుంటూ. రాశుల చాటున, సంచుల నీడన నడుం వాల్చినవాళ్ళు ఆ చప్పుడుకు కళ్ళు నులుముకుంటూ లేచారు. ఒక్కొక్కరే బయటికి వచ్చి, దారి వదిలి, పక్కన నిలబడ్డారు.